పాత బస్సులో రెండు రాత్రుల విడిది: నెల్లూరు, ప్రకాశం జిల్లాల కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

సెలవులు రాగానే ఊటీకో అరకుకో బయలుదేరకుండా, ఇంటికి గంట దూరంలో ఏ మామిడితోటలోనో, సముద్రపు ఒడ్డునో విడిదిగా మార్చిన పాత బస్సులో పిల్లాపాపలతో రెండు రాత్రులు గడిపి రావాలనుకోవడం మంచి ఆలోచనే. సర్వీసు అయిపోయిన బస్సులో మనుషులను పడుకోబెట్టడం మన దేశానికి కొత్త కూడా కాదు. కేరళ ఆర్టీసీ 2020లో మున్నార్ డిపోలో పాత బస్సులకు పడకలు అమర్చి, పడకకు రాత్రికి 100 రూపాయల చొప్పున పర్యాటకులకు ఇచ్చింది. అయితే మున్నార్ కొండల మీది ఊరు, అక్కడ రేకు గోడల మధ్య పడుకున్నవారికి ఇబ్బంది చలి. మన జిల్లాల్లో ఇబ్బంది ఎండ, ఉప్పునీళ్ళు, దోమలు, అప్పుడప్పుడూ తుఫాను. అందువల్ల రంగురంగుల దీపాలతో తీసిన ఫొటోలు చూసి విడిది ఎంచుకోకూడదు. మధ్యాహ్నం రెండు గంటలకు ఆ బస్సు లోపల ఎలా ఉంటుందో తెలుసుకుని ఎంచుకోవాలి. ఈ వ్యాసంలో చెప్పే మెట్లన్నీ ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

మొదటి మెట్టు: ఏ రకం వాహనమో తేల్చుకోవడం

వాహన విడుదులు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి, ఇంజను తీసేసి, దిమ్మెల మీదికి ఎక్కించి శాశ్వతంగా నిలిపేసిన బస్సు. రెండవది, సినిమా షూటింగుల పుణ్యమా అని అందరికీ తెలిసిన క్యారవాన్, అంటే పడకలూ మరుగుదొడ్డీ లోపలే ఉండి రోడ్డు మీద తిరిగే వాహనం. ముసలివాళ్ళు, చిన్నపిల్లలు ఉన్న కుటుంబానికి నా ఓటు నిలిపేసిన బస్సుకే. తిరిగే క్యారవాన్‌లో రాత్రికి ఎక్కడ ఆగాలి, మురుగు ఎక్కడ ఖాళీ చెయ్యాలి, నీళ్ళు ఎక్కడ పట్టుకోవాలి అన్న ప్రశ్నలు రోజంతా వెంటాడతాయి, సెలవు కాస్తా డ్యూటీ అవుతుంది.

అయినా క్యారవానే కావాలనుకుంటే మూడు జాగ్రత్తలు తీసుకోండి. డ్రైవరుతో సహా అద్దెకు తిరిగే వాహనానికి పసుపు పలక మీద నల్ల అక్షరాల నంబరు ఉండాలి. తెల్ల పలక ఉన్న సొంత వాహనాన్ని అద్దెకు ఇస్తామంటే ఒప్పుకోవద్దు, ఎందుకంటే ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేసే అవకాశం ఉంది. బండి నడుస్తున్నంతసేపూ పిల్లలు పడకల మీద కాకుండా సీట్లలో బెల్టు పెట్టుకుని కూర్చోవాలి. జాతీయ రహదారి అంచున బండి నిలిపి పడుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు, చెన్నై–కోల్‌కతా రహదారి మీద రాత్రివేళ తిరిగే లారీల వేగం ఎలాంటిదో మనకు తెలియనిది కాదు. ఇక్కడి నుంచి చెప్పేదంతా నిలిపేసిన బస్సును గురించే.

రెండవ మెట్టు: కాలం

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండవ వారం దాకా సాగే బడి సెలవులే కుటుంబాలకు అనువైనవిగా కనిపిస్తాయి గాని, బస్సు విడిదికి అంతకన్నా పనికిరాని కాలం లేదు. పడమటి వడగాలి బలంగా వీచే రోజుల్లో సముద్రపు గాలి తీరంలో కూడా ఆలస్యంగా మళ్ళుతుంది, లోపలి మండలాలకు అసలు చేరనే చేరదు. అక్టోబరు నుంచి డిసెంబరు సగం వరకు ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. నెల్లూరుకు అసలు వానాకాలం అదే, వాయుగుండాలు తరచుగా వచ్చేదీ అప్పుడే. దసరా సెలవులు సరిగ్గా దానికి ముంగిట పడతాయి. ఇక మిగిలింది డిసెంబరు చివరి వారం నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా ఉన్న కాలం. సంక్రాంతి సెలవుల్లో భోగి, పెద్దపండుగ ఇంట్లో చేసుకుని, కనుమ దాటాక బయలుదేరితే పండుగకు వచ్చిన చుట్టాల పిల్లలు కూడా కలుస్తారు. కనుమనాడు కాకైనా కదలదంటారు కాబట్టి ఆ ఒక్కరోజు ఆగడమే పెద్దవాళ్ళకు ఇష్టంగా ఉంటుంది.

వేసవిలో తప్పదనుకుంటే ఒకే రాత్రికి పరిమితం చేసుకోండి. సాయంత్రం ఐదు దాటాక చేరి, మరునాడు ఉదయం తొమ్మిదిలోపు బయటపడండి.

మూడవ మెట్టు: మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్ళి చూడడం

దూరపు ఊళ్ళకు పోయేవాళ్ళకు లేని సౌకర్యం ఇది. విడిది సొంత జిల్లాలోనే ఉంది కాబట్టి డబ్బు కట్టకముందే ఒక ఆదివారం వెళ్ళి చూసి రావచ్చు. ఉదయమో సాయంత్రమో కాకుండా, ఎండ నడినెత్తిన ఉన్నప్పుడే వెళ్ళాలి. ఏసీ వేసి ఉంటే ఆపించి, పావుగంట ఆగి లోపలికి ఎక్కండి.

ముందు చూడవలసింది పైకప్పు. లోపలి వైపు రేకు మీద అరచేయి ఆనించి పది లెక్కపెట్టండి. చేయి ఆనించలేకపోతే రెండు రేకుల మధ్య గ్లాస్‌వూల్ గాని థర్మోకోల్ గాని సరిగా నింపలేదని అర్థం. అలాంటి బస్సులో ఒక టన్ను ఏసీ రోజంతా తిరిగినా గాలి చల్లబడుతుందేమో గాని, తలమీద కప్పు సెగ తగ్గదు. మంచి విడిదిలో కప్పుకు తెల్ల రంగు వేసి ఉంటుంది, దానిపైన ఒకటి రెండు అడుగుల ఎత్తున తాటాకుతోనో కొబ్బరాకుతోనో వేసిన చలువ పందిరి ఉంటుంది. ఆ ఎడం ముఖ్యం. ఆకు నేరుగా రేకు మీద పరిస్తే మధ్యలో గాలి ఆడదు, వానకు తడిసి కుళ్ళి రేకు తుప్పు పడుతుంది. బస్సు పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఉదయపు ఎండా సాయంత్రపు ఎండా పొట్టి వైపుల మీదే పడతాయి. ముందరి అద్దం చాలా పెద్దది కనుక అది పడమటి దిక్కుకు ఉన్నచోట బయటి నుంచి తెర దించే ఏర్పాటు ఉందో లేదో చూడండి. లోపలి కర్టెను వెలుతురును ఆపుతుంది గాని, అద్దం దాటి లోపలికి వచ్చిన వేడిని వెనక్కి పంపలేదు.

తరువాత నేల. గూడూరు నిమ్మకాయ ఒకటి జేబులో వేసుకుని వెళ్ళి బస్సు నడవ మధ్యలో పెట్టండి. అది దొర్లుకుంటూ ఒక వైపుకు పోతే బస్సు వాలి ఉన్నట్టు. వాలిన బస్సులో పడుకుంటే తల బరువెక్కుతుంది, స్నానాల గది నీళ్ళు జాలీలోకి పోక గుమ్మం వైపుకు వస్తాయి. (పెట్టిన నిమ్మకాయను టైరు కింద తొక్కించడానికి అనుకునేవాళ్ళు ఉంటారు, ముందే చెప్పి పెట్టండి.) ఆ తరువాత కిందికి వంగి చూడండి. బస్సు బరువు ఛాసిస్ కింద పెట్టిన ఇనుప స్టాండ్ల మీదో కాంక్రీటు దిమ్మెల మీదో నిలవాలి గాని, గాలి దిగిపోయే టైర్ల మీద కాదు. సముద్రపు గాలి తగిలేచోట ఫుట్‌బోర్డు మెట్లు లోపలినుంచి తుప్పు పట్టి, పైన రంగు మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది. ప్రతి మెట్టు మీదా మడమతో గట్టిగా తొక్కి చూడాలి. నేల ప్లైవుడ్ ఎక్కడైనా మెత్తగా లోపలికి దిగితే అక్కడ నీరు దిగుతోందన్న మాట.

బస్సులో ప్రయాణికుల తలుపు సాధారణంగా ఒక్కటే ఉంటుంది కాబట్టి అత్యవసర ద్వారం సంగతి వదిలిపెట్టకూడదు. వెనక గాని కుడివైపు గాని ఉన్న ఆ తలుపును దొంగల భయంతో వెల్డింగ్ చేసేసినచోట ఎంత అందంగా ఉన్నా ఉండవద్దు. పనిచేస్తుందని యజమాని చెప్పినా మీ చేత్తో మీరు తెరిచి చూడండి, ఇంట్లో పన్నెండేళ్ళ పిల్లవాడు ఉంటే వాడి చేత కూడా తెరిపించండి. డీజిల్ ట్యాంకు ఖాళీ చేశారా, పాత బ్యాటరీ తీసేశారా అని అడగండి, ఎందుకంటే పిల్లలు మొట్టమొదట ఎక్కి కూర్చునేది డ్రైవరు సీటే.

వెళ్ళినప్పుడే చుట్టుపక్కల ఏముందో గమనించండి. మైపాడు, ఇందుకూరుపేట వైపు తీరం వెంట రొయ్యల చెరువులు ఎక్కువ. చెరువులో రొయ్యకు గాలి అందించే ఏరియేటర్లు ముఖ్యంగా రాత్రిళ్ళు తిరుగుతాయి, కరెంటు పోతే వాటికోసం డీజిల్ జనరేటర్లు మొదలవుతాయి. పగలు ప్రశాంతంగా కనిపించిన చోటు రాత్రి పదింటికి మిల్లులా మోగుతుంది. చెరువు గట్టు ఎంత దూరంలో ఉందో, అందులో ప్రస్తుతం పంట ఉందో లేదో పక్క టీ కొట్టులో అడిగితే యజమాని కంటే ఉన్నదున్నట్టు చెబుతారు.

నాలుగవ మెట్టు: కరెంటు, గ్యాసు

ఇటుక గోడల ఇంట్లో ఒక తీగ ఒరుసుకుపోతే ఒక స్విచ్చు దగ్గర షాకు కొడుతుంది. బస్సులో అదే తీగ రేకును తాకితే బస్సు మొత్తానికీ కరెంటు వస్తుంది, తడి కాళ్ళతో నేలమీద నిలబడి తలుపు పిడి పట్టుకున్నవాళ్ళకు అది ప్రాణాంతకం. అందువల్ల రెండు విషయాలు అడిగి, కళ్ళారా చూడాలి. మొదటిది, బస్సు బాడీని ఎర్త్ గుంటకు కలిపిన తీగ. రెండవది, మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు పక్కదారి పట్టగానే సరఫరాను ఆపేసే స్విచ్చు. దాని మీద ‘టీ’ అనే ఇంగ్లీషు అక్షరం ఉన్న చిన్న బటన్ ఉంటుంది. యజమాని ఎదుటే ఆ బటన్ నొక్కండి. టప్పుమని మీట కిందికి పడి లైట్లు ఆరిపోతే అది పనిచేస్తున్నట్టు. నొక్కినా దీపాలు వెలుగుతూనే ఉంటే అది బాగుచేసేవరకు బుక్ చేయకండి. ఈ పరీక్షకు అర నిమిషం కూడా పట్టదు. దీనికి కసురుకునే యజమాని దగ్గర ఉండనవసరం లేదు.

వంటగ్యాసు గాలికన్నా బరువైనది, కారితే పైకి పోక నేలమీద పేరుకుంటుంది. బస్సు నేల తొట్టిలాగా మూసుకుని ఉంటుంది కనుక సిలిండరు బస్సు బయట, నీడలో ఉండాలి. పొయ్యి కూడా బయట పందిరి కింద ఉంటేనే మంచిది. చలి అని కుంపటి లోపల పెట్టుకోవడం, దోమలని తలుపులు మూసి ధూపం వెయ్యడం, జనరేటరును కిటికీ పక్కన నడపడం, ఈ మూడూ మూసిన బస్సులో విషవాయువును నింపే పనులే. మంటలార్పే సిలిండరు గేజీ ముల్లు పచ్చ గీతలో ఉందో లేదో చూసి, అది తలుపు దగ్గరే ఉండేలా అడగండి.

ఐదవ మెట్టు: నీళ్ళు, స్నానాల గది

తీరంలో బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. స్నానానికి పనికొచ్చినా సబ్బు నురగ రాదు, అన్నం ఉడికితే రుచి మారుతుంది. మనిషికి రోజుకు 4 లీటర్లు తాగడానికీ వంటకూ అనుకుంటే ఐదుగురికి రోజుకు ఒక 20 లీటర్ల క్యాను కావాలి. రెండు రాత్రులకు మూడు క్యాన్లు ఇంటినుంచే కారులో వేసుకుపోవడం తేలిక.

మరుగుదొడ్డి బస్సులోపల ఉంటే పక్కన చిన్న గది ఉన్నదానికన్నా గొప్పని చాలామంది అనుకుంటారు, నా అభిప్రాయం వేరు. లోపలి గదిలో వాసన పోయే దారి తక్కువ, నలుగురైదుగురు వాడితే పొద్దున్నే తెలిసిపోతుంది. పది పదిహేను అడుగుల దూరంలో, గోడలు కట్టి, సెప్టిక్ ట్యాంకుకు కలిపిన విడి గదే మేలు. అయితే దారంతా దీపం ఉండాలి, మెట్ల దగ్గర పట్టుకోవడానికి కమ్మీ ఉండాలి. బస్సు మొదటి మెట్టు సుమారు అడుగున్నర ఎత్తు ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న అవ్వ రాత్రి రెండుసార్లు లేచి ఆ మెట్టు దిగి ఎక్కడం ఊహించుకుని చూడండి. కింద అరుగులాగా అదనపు మెట్టు కట్టని చోట పెద్దవాళ్ళకు విడిగా నేలమీది గది ఒకటి అడగడం మర్యాదలో భాగం, వాళ్ళు వద్దన్నా సరే.

ఆరవ మెట్టు: మాట, బయానా

ఫోనులో యజమానితో మాట్లాడేటప్పుడు ‘సౌకర్యాలు ఏమున్నాయండీ’ అని అడిగితే ‘అన్నీ ఉన్నాయండీ’ అనే సమాధానమే వస్తుంది. అందుకని పిన్నులు గుచ్చినట్టు అడగాలి: ‘కరెంటు పోతే ఇన్వర్టరు మీద ఏసీ తిరుగుతుందా అండీ, ఫ్యాన్లే తిరుగుతాయా?’ ‘కిటికీలన్నిటికీ దోమతెర ఉందా? అద్దాలు జరుగుతాయా, బిగించేశారా?’ ‘రాత్రి కాపలా ఎవరైనా అక్కడే పడుకుంటారా?’ ఇన్వర్టరు మీద ఏసీ సాధారణంగా నడవదు. కాబట్టి అద్దాలు బిగించేసి ఏసీ మీదే ఆధారపడిన బస్సును తీసుకోకపోవడమే మంచిది.

తుఫాను నిబంధన కాగితం మీదనో, కనీసం వాట్సాప్‌లోనో రాయించుకోండి. కృష్ణపట్నం రేవులో మూడవ నంబరు గాని అంతకు మించిన హెచ్చరిక గాని ఎగరేస్తే బయానా తిరిగి ఇవ్వాలని, లేదా వేరే తేదీకి మార్చాలని అందులో ఉండాలి. సముద్రానికి మరీ దగ్గరగా పెట్టిన విడిదైతే ఇంకొక సంగతి ఉంది. పోటు గీత నుంచి 500 మీటర్ల వరకు తీర నియంత్రణ మండలం నిబంధనలు వర్తిస్తాయి, అనుమతి లేని చోటును అధికారులు మూయిస్తే మీ సెలవు కూడా అక్కడితో ఆగుతుంది. అనుమతి పత్రం చూపించమని అడగడంలో తప్పులేదు.

పెద్దవాళ్ళందరి గుర్తింపు కార్డులు వెంట ఉంచుకోండి. అమెరికా నుంచి వచ్చిన మనవడికో మనవరాలికో విదేశీ పాస్‌పోర్టు ఉంటే, బస ఇచ్చినవారు 24 గంటల్లోగా ఆ వివరాలను అధికారులకు దాఖలు చెయ్యాలి. చిన్న తోటల యజమానులకు ఈ సంగతి తెలియకపోవచ్చు, ముందే చెప్పండి.

ఏడవ మెట్టు: పడకల లెక్క

రెండు ఇరుసుల పాత బస్సు పొడవు సాధారణంగా 12 మీటర్లు, వెడల్పు 2.6 మీటర్లు మించదు. గోడల మందం పోగా లోపల ఏడున్నర అడుగుల వెడల్పు మిగులుతుంది. అంటే డబుల్ కాట్ ఒకటి వేస్తే పక్కన మనిషి నడిచే దారి మాత్రమే ఉంటుంది. ఆరుగురికి సరిపోతుందని ప్రకటనలో ఉన్న బస్సు నలుగురికి హాయిగా, ఐదుగురికి సర్దుకుంటే సరిపోతుంది. పెద్దవాళ్ళను తలుపు దగ్గరి పడక మీద, తల్లిదండ్రులను మధ్యలో, పిల్లలను వెనక వెడల్పాటి పడక మీద ఉంచడం సహజంగా అందరూ చేసేదే. అత్యవసర ద్వారం వెనక ఉంటే మాత్రం దాని పక్కన పిల్లలతో పాటు దాన్ని తెరవగల పెద్ద ఒకరు పడుకోవాలి. పెట్టెలు, సూట్‌కేసులు తీసుకుపోకండి, పెట్టడానికి చోటుండదు. గుడ్డ సంచులైతే పాత లగేజీ క్యారియర్ మీద ఒదుగుతాయి. ఏసీ వేసి పడుకున్నా ఒక కిటికీ రెండు వేళ్ళంత తెరిచి ఉంచండి, ఐదుగురి ఊపిరితో మూసిన బస్సు తెల్లారేసరికి బరువెక్కుతుంది.

ఎనిమిదవ మెట్టు: తిండి

మొదటి రాత్రికి వంట పెట్టుకోవద్దు. నెల్లూరు చేపల పులుసు మరునాటికే రుచి తేలుతుంది కాబట్టి, ముందురోజు రాత్రి ఇంట్లో మట్టి దాకలో కాచి, మూతకు గుడ్డ కట్టి కారులో కాళ్ళ దగ్గర పెట్టుకుపోతే అక్కడ అన్నం ఒక్కటి వండుకుంటే చాలు. బస్సు లోపల చేపలు వేయించడం మాత్రం వద్దు, సీటు గుడ్డలకూ కర్టెన్లకూ పట్టిన నూనె వాసన రెండు రోజులూ వదలదు. రెండవ రోజు ఉదయానికి కారం దోసెలు దగ్గర ఊళ్ళో దొరుకుతాయి. పులిహోర, అరటిపళ్ళు, పిల్లలకు మలై కాజా ఉంటే మధ్యలో ఆకలి గొడవ ఉండదు. మిగిలినది రాత్రి బస్సులో వదిలిపెడితే చీమలు వరుస కడతాయి, ఎలుకలూ వస్తాయి, ఎలుక వెనక పాము వస్తుంది.

తొమ్మిదవ మెట్టు: పగలు, రాత్రి

రోజుకు ఒక్కచోటుకు మించి తిరగవద్దు. నెల్లూరు నుంచి మైపాడు తీరం సుమారు 25 కిలోమీటర్లు, పెన్న ఒడ్డున జొన్నవాడ కామాక్షమ్మ గుడి ఇంకా దగ్గర. శీతకాలంలో దక్షిణంగా వెళితే నేలపట్టులో గూడబాతులు చెట్లమీద గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుతుంటాయి. ఒంగోలు వైపువారికి కొత్తపట్నం తీరం ఉంది. ఉదయం ఆరింటికి వెళ్ళి పదిలోపు తిరిగి రావాలి. తీరంలో మోకాలు దాటి లోపలికి దిగవద్దు, పెన్న వంటి నది సముద్రంలో కలిసే చోట అసలు దిగవద్దు. పైకి నెమ్మదిగా కనిపించినా అక్కడ అడుగున లాగే ప్రవాహం ఈతగాళ్ళను కూడా వదలదు.

మధ్యాహ్నం పందిరి కింద గడపాలి. పిల్లలకు వేరే ఆటవస్తువులు అక్కర్లేదు. పాత రూట్ బోర్డు, హారను, కండక్టరు సీటు ఉంటే ‘రైట్ రైట్’ అంటూ కావలి, సింగరాయకొండ, ఒంగోలు అని కేకలేస్తూ సాయంత్రం దాకా బస్సు నడుపుతారు. చింతాకులే టిక్కెట్లు, అవ్వకు ఎప్పుడూ హాఫ్ టిక్కెట్టే. ఆ రెండు గంటలు పెద్దవాళ్ళు నిద్రపోవచ్చు, బస్సు అద్దెలో నిజంగా గిట్టుబాటయ్యే భాగం అదేనని నా నమ్మకం.

చీకటి పడకముందే దోమతెరలు దించి, అంచులు పరుపు కిందికి దోపాలి. బస్సు కింద చల్లని నీడ ఉంటుంది కనుక తోటల్లో పాములకు అది ఇష్టమైన చోటు. కట్లపాము రాత్రివేళ తిరుగుతుంది, అది కాటేసినా నొప్పి తెలియకపోవచ్చు. ఆకాశం చూస్తూ బయట పడుకోవాలనుకునేవాళ్ళు చాప మీద కాకుండా, దోమతెర కట్టిన మంచం మీదే పడుకోవాలి. టార్చి లేకుండా మెట్టు దిగకూడదు, చెప్పులు దులిపి వేసుకోవాలి. కాటు పడిందని అనుమానం కలిగినా కొయ్యడం, గట్టిగా కట్టడం, మంత్రగాడి దగ్గరికి పోవడం వద్దు. కాటుపడ్డ చేయి లేదా కాలు కదలకుండా ఉంచి 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు మందు ఉండే ప్రభుత్వాసుపత్రికి చేరాలి. అది ఏ ఊళ్ళో ఉందో బయలుదేరే ముందే తెలుసుకుని ఉంచండి.

బయలుదేరేటప్పుడు

కరెంటుకు విడిగా డబ్బు తీసుకునే చోట దిగిన రోజే మీటరు రీడింగును ఫొటో తీసి ఉంచండి, బయలుదేరేటప్పుడు మరొకటి తియ్యండి. చెత్తను తోటలో తగలబెట్టకుండా సంచిలో కట్టి వెంట తెచ్చుకోండి. కారిన కొళాయి, బిగుసుకున్న కిటికీ, పనిచెయ్యని దీపం ఏమైనా ఉంటే యజమానికి అక్కడే చూపించి చెప్పండి, ఇంటికి వచ్చి ఫోనులో చెబితే అవి మీరు చెడగొట్టినవిగా లెక్కలోకి వచ్చే ప్రమాదం ఉంది. చివరగా పరుపుల కింద, లగేజీ క్యారియర్ మూలల్లో, డ్రైవరు సీటు వెనక ఒకసారి టార్చి వేసి చూసి, తాళం చెవి ఇచ్చి, మిగిలిన బయానా లెక్క తేల్చుకుని కారెక్కండి.